ల్యాబ్ తాళం గారికి ఒక గెస్ట్ లెక్చరర్ విన్నపం

తాళం గారూ, నమస్తే.

నల్లగొండలో మీరు వేలాడే తలుపు ముందు, వరండాలో నిలబడి గ్రిడ్ కంప్యూటింగ్ పాఠం చెప్పే మనిషిని నేనే. రోజూ వింటున్నారు కాబట్టి ఈపాటికి సిలబస్ మీకు వచ్చే ఉంటుంది.

ఖాళీగా పడున్న కంప్యూటర్లను కలిపి ఒక పెద్ద పని చేయించుకోవడం, పాఠమంతా ఇదే. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 1988లోనే కాండర్ అని ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు, ఎవరి టేబుల్ మీద మిషన్ ఖాళీగా ఉంటే దానికి పని అప్పజెప్పేది, ఓనర్ వచ్చి కీబోర్డు ముట్టుకోగానే మర్యాదగా తప్పుకునేది. మీ వెనకున్న మిషన్లకు ఆ ఇబ్బంది కూడా లేదు, వాటి కీబోర్డు ముట్టుకునేవాళ్లే లేరు. ముట్టుకుంటే ఖరాబైతాయట! మొన్న ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చినప్పుడు మాత్రం మీరు చక్కగా తెరుచుకున్నారు, పిల్లలు మానిటర్ల ముందు కూర్చుని ఫోటో దిగారు, సాయంత్రానికి మళ్లీ మీరు.

జెనీవా దగ్గరి ఫిజిక్స్ పరిశోధనా కేంద్రం సెర్న్ వాళ్ల గ్రిడ్‌లో 40కి పైగా దేశాల సెంటర్లున్నాయి, మన కోల్‌కతా, ముంబై కూడా. ఒక్క డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తే ఎక్కడో ఉన్న మిషన్ మన పని తీసుకుంటుంది. మీ దగ్గర సర్టిఫికెట్ అంటే అటెండరన్న జేబులోని తాళంచెవి. అడిగితే "అన్న మిర్యాలగూడ పెండ్లికి పోయిండు సార్" అంటారు.

ల్యాబ్ రికార్డులో గ్లోబస్ టూల్‌కిట్ అనే గ్రిడ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్ రాయాలి. దాన్ని తయారుచేసినవాళ్లే 2018లో సపోర్ట్ ఆపేశారు, మా సిలబస్ ఆపలేదు. అవుట్‌పుట్ సీనియర్ల రికార్డులోంచి వస్తుంది, వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో అడగొద్దు.

చేసేదిలేక పిల్లలనే గ్రిడ్ చేశాను. 1 నుంచి 1000 దాకా ప్రధాన సంఖ్యలు వెతకాలి, ఒక్కొక్కరికి కొన్ని సంఖ్యలు, లెక్కంతా ఒకమ్మాయి దగ్గరికి చేరాలి. మధ్యలో దేవరకొండ బస్సు వచ్చిందని ఒకడు పరుగెత్తాడు. వాడి వాటా పక్కవాడికి ఇచ్చి, నోడ్, అంటే గ్రిడ్‌లో ఒక మిషన్, ఫెయిలైతే చేసేది ఇదేరా అన్నాను. సెమిస్టర్ మొత్తంలో వాళ్లకు నిజంగా ఎక్కింది అదొక్కటే అనుకుంటా, మీరు తెరిచి ఉన్నా ఇంత బాగా ఎక్కేది కాదేమో, ఆ క్రెడిట్ మీకే.

వచ్చే నెల ప్రాక్టికల్స్. ఎక్స్‌టర్నల్ వస్తారు కాబట్టి ఆ రోజు ఎలాగూ తెరుచుకుంటారు. ఒక్కరోజు ముందు తెరుచుకోండి, అసలు ఎన్ని ఆన్ అవుతాయో చూసుకుంటాం.

ఇట్లు,
వరండా లెక్చరర్