ఆయిల్‌లో కలిపే ఆ డబ్బా: ఫార్వర్డ్ మెసేజ్‌లో ఒక్కో మాటకు జవాబు

అమలాపురం, రాజోలు, రావులపాలెం వైపు కార్లున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అడిటివ్ (ఇంజన్ ఆయిల్‌లో అదనంగా కలిపే మందు) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక డబ్బా అడిటివ్ కలపండి. ఉత్త ఆయిల్‌లో బలం ఉండదు. ఇది పోస్తే మైలేజీ 20 శాతం పెరుగుతుంది, పొగ ఆగిపోతుంది, ఆయిల్ 20,000 కిలోమీటర్ల దాకా మార్చక్కర్లేదు. బైకులోనూ పోయొచ్చు. వరద నీళ్ళు ఎక్కిన ఇంజన్‌ను కూడా కాపాడుతుంది. షోరూమ్ వాళ్ళు ఈ సంగతి కావాలనే దాస్తారు."

దీన్ని ఎక్కువగా పంపుతున్నది, నమ్ముతున్నది కిస్తీల మీద కారు తీసుకుని ట్రావెల్స్‌కి తిప్పుకునే కుర్రాళ్ళు. వాళ్ళకి ఇంజన్ పోతే ఇల్లు గడవదు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు వరద మాట, ఎందుకంటే అన్నిట్లోకీ ప్రమాదకరమైనది అదే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలా మునిగిన కారులో డబ్బా పోసి స్టార్ట్ చేయమని చెప్పడమంటే ఉన్న ఇంజన్‌ని చేతులారా విరగ్గొట్టుకోమనడమే. గాలి, పెట్రోలు ఆవిరి నొక్కితే నొక్కుకుంటాయి. నీళ్ళు నొక్కుకోవు. సిలిండర్‌లో నీళ్ళు ఉండగా తాళం తిప్పితే పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా క్లీనింగ్‌తో పోయేది కాస్తా ఇంజన్ దించే దాకా వస్తుంది. నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కాయో తెలియనప్పుడు తాళం జోలికి పోకుండా బ్యాటరీ వైరు విప్పించి, బండిని తోయించుకునో, క్రేన్ మీదో షెడ్డుకి చేర్చాలి. అక్కడ ఆయిల్ గేజ్ తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. ఆ నీళ్ళను పీల్చేసే మందంటూ ఏదీ లేదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నీళ్ళు బయటికి కొట్టించాలి. పాత ఆయిల్, ఫిల్టర్ తీసేయాలి. కొత్త ఆయిల్ పోసి కాసేపు ఇంజన్ తిప్పి, దాన్ని కూడా దించేసి మళ్ళీ కొత్తది పోయాలి. గేర్ ఆయిల్ కూడా చూపించుకోవాలి.

"బైకులోనూ పోయొచ్చు" అన్నది చిన్న మాటే కానీ పెద్ద నష్టం చేస్తుంది. మన బైకుల్లో చాలావాటికి ఇంజన్‌కీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ ఆయిల్ ఒక్కటే. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే మందు అందులో కలిస్తే ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. బైకు ఆయిల్ డబ్బాల మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ, ఎంఏ2 అని ఉండేది ఇందుకే. ఆ ఆయిల్ ప్లేట్ల పట్టుకు అడ్డం రాదని దాని అర్థం.

ఇక అసలు విషయం: "ఉత్త ఆయిల్‌లో బలం ఉండదు." ఉత్త ఆయిల్‌ను కార్లకని ఎవరూ అమ్మడం లేదు. మనం కొనే ఆయిల్ డబ్బాలో సుమారు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉండేవి అడిటివ్‌లే. మసి, జిగురు పేరుకోకుండా కడిగేవి, ఆ మురికిని అడుక్కి దిగకుండా తేల్చి ఉంచేవి, నురగ రాకుండా చూసేవి, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా ఆపేవి, ఇనుము ఇనుముతో ఒరుసుకోకుండా పైన పొర కట్టే జింకు, ఫాస్ఫరస్ రసాయనం, ఇవన్నీ కంపెనీ నుంచే కలిసి వస్తాయి. ఆ పాళ్ళు ఇంజన్లను గంటల తరబడి తిప్పి చూసి కుదిర్చినవి. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్పీ లాంటి ప్రమాణం ఆయిల్ డబ్బా మీద ఉందంటే ఆ పరీక్షలు పాసైందని అర్థం.

అందులోకి మరో డబ్బా పోస్తే ఏమవుతుంది? కడిగే మందూ, పొర కట్టే మందూ ఒకే లోహం మీద చోటు కోసం పోటీ పడతాయి. ఒకటి ఎక్కువైతే రెండోదాని పని దెబ్బతింటుంది. మన రైతులకి ఇది చెప్పక్కర్లేదు. యూరియా ఎక్కువ చల్లితే చేను పచ్చగా కనిపిస్తుంది గానీ సుడిదోమ ముందు ఆ చేనికే పడుతుంది.

మైలేజీ సంగతికి వద్దాం. 20 శాతం మైలేజీ పెరగాలంటే ఇంజన్ లోపలి రాపిడి దాదాపు మొత్తం మాయమైపోవాలి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ వాడితే వచ్చే తేడాయే 1 నుంచి 2 శాతం. ఆయిల్ మొత్తం మారిస్తేనే అంత తేడా అయితే, అందులో కలిపే చిన్న డబ్బా 20 ఎక్కడి నుంచి తెస్తుంది? మరి "నాకు పెరిగింది" అనేవాళ్ళు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. డబ్బా పోసిన రోజే ఆయిల్ మారింది, ఎయిర్ ఫిల్టర్ మారింది, టైర్లలో గాలి సరిచేశారు. మైలేజీ చూసుకోవాలన్న ధ్యాసతో నాలుగు రోజులు నెమ్మదిగా తోలారు. పైగా ఒకసారి రావులపాలెం నుంచి హైవే మీద రాజమండ్రి వెళ్ళొచ్చి, ఇంకోసారి అంబాజీపేట సందుల్లో తిరిగి లెక్కేస్తే ఏ మందూ లేకుండానే బోలెడు తేడా వస్తుంది.

మైలేజీ నిజంగా పోయేది ఇంకోచోట. "మన ఎండలకి చిక్కటిదే మంచిది" అని 5డబ్ల్యూ-30 అనే పలచటి గ్రేడు అడిగే కారులో చిక్కటి 20డబ్ల్యూ-50 పోయడం మన షెడ్లలో అలవాటైపోయింది. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి వాల్వ్ టైమింగ్‌ను (వాల్వులు తెరుచుకునే సమయాన్ని) మార్చే ఏర్పాటు ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. ఆయిల్ మరీ చిక్కటిదైతే అది సరిగ్గా పనిచేయదు. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన గ్రేడు మన ఎండలు తెలిసే రాశారు.

"పొగ ఆగిపోతుంది" అన్న మాటలో కొంత నిజం ఉంది. అందుకే అది ఎక్కువ మోసం చేస్తుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని, అంటే వాల్వ్ సీళ్ళో, పిస్టన్ రింగులో పోయాయని. చిక్కటి అడిటివ్ పోస్తే ఆయిల్ కిందికి జారడం తగ్గి కొన్నాళ్ళు పొగ కనిపించదు. రింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండర్‌లోకి చేరుతోందని, హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. నల్ల పొగ డీజిల్ లేదా పెట్రోల్ ఎక్కువ పోవడం వల్ల. ఈ రెండింటికీ ఆయిల్ మందుతో సంబంధమే లేదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అమ్మే ముందు రోజు ఈ డబ్బా పోసి పొగ కనపడకుండా చేయడం కష్టమేమీ కాదు. కాబట్టి సైలెన్సర్ చూసి సరిపెట్టుకోకుండా కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించమని పట్టుబట్టండి.

"20,000 దాకా మార్చక్కర్లేదు" అన్నది మన ప్రాంతానికి అసలు నప్పదు. ఇక్కడ బండి ఊళ్ళోంచి సెంటరుకీ, సెంటరు నుంచి రొయ్యల చెరువు గట్టుకీ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరై పోవు. ఆయిల్ పోసే మూత విప్పి దాని అడుగు భాగం చూడండి. పసుపు తెలుపు కలిసిన మీగడ లాంటి జిడ్డు అంటుకుని ఉంటే తేమ చేరినట్టు. రెండు మూడు సార్లు హైవే మీద అరగంట తోలాక అది పోతే ఫర్వాలేదు. పోకపోగా కూలెంట్ కూడా తగ్గుతుంటే వెంటనే చూపించండి. ఇలా తిరిగే బండికి మాన్యువల్‌లోనే ఆయిల్ ఇంకా ముందే మార్చమని ఉంటుంది. ఏ మందూ ఆయిల్‌లోంచి మసినీ, యాసిడ్‌నూ, నీళ్ళనూ బయటికి తీయలేదు.

బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చాలా బళ్ళకి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి కాలిపోతుంది గానీ జింకు, కాల్షియం బూడిద కాలదు. అది అందులోనే పేరుకుంటుంది. అందుకే వాటికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ చెబుతారు. డబ్బా పోసి ఆ బూడిద పెంచితే ఫిల్టర్ ముందే పూడుకుపోతుంది. దాని ఖరీదు కనుక్కుంటే గుండె గుభేలుమంటుంది.

"షోరూమ్ వాళ్ళు దాస్తారు" అన్నది తలకిందుల మాట. సర్వీస్ బిల్లు తీసి చూడండి. ఇంజన్ ఫ్లష్, ఇంజన్ ట్రీట్‌మెంట్ అంటూ చాలాచోట్ల అడక్కుండానే కలిపేస్తారు. అమ్మితే వాళ్ళకే లాభం. వద్దని రాసేది చాలా కార్ల మాన్యువల్స్‌లో. అమెరికాలో స్లిక్ 50 అనే పేరున్న అడిటివ్ మీద 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. అరుగుదల తగ్గుతుందన్న ప్రకటనలకు ఆధారం లేదన్నది ఆరోపణ. 1997లో రాజీ కుదిరింది, ఆధారం లేకుండా అలాంటి మాటలు చెప్పడానికి వీల్లేకుండా పోయింది. తర్వాత డ్యూరా లూబ్ అనేదాని మీదా ఇలాంటి చర్యే తీసుకుంది.

మరి ఎప్పుడూ వాడకూడదా? వాడొచ్చు, రెండు సందర్భాల్లో. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లను ప్రేమగా నిలబెట్టుకున్నవాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఆ ఇంజన్ల క్యామ్‌కి (వాల్వులను తెరిచే భాగానికి) జింకు ఎక్కువ కావాలి. ఇప్పటి పెట్రోల్ ఆయిళ్ళలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) పాడవకుండా ఫాస్ఫరస్‌కి హద్దు పెట్టారు కాబట్టి, వాళ్ళు జింకు ఎక్కువున్న 20డబ్ల్యూ-50 వెతుక్కోవాలి, దొరక్కపోతే జింకు అడిటివ్ కలుపుకోవచ్చు. రెండోది, పాత కారులో ఏదో సీలు గట్టిబడి చుక్క చుక్క కారుతోంది, విప్పించడానికి పంట డబ్బు చేతికి రావాలి. అప్పుడు సీళ్ళను మెత్తబరిచే మందు కొన్నాళ్ళు ఆదుకోవచ్చు. పోసినప్పుడు మీటర్ రీడింగ్ రాసిపెట్టుకోండి. బండి చల్లారాక సమంగా ఉన్నచోట పెట్టి వారానికోసారి గేజ్ చూడండి. వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా తగ్గుతుంటే ఇక రెండో డబ్బా కొనకుండా ఇంజన్ విప్పించండి.