బొమ్మల సైన్సు పుస్తకం గారికి, పటమట డాబా మీద నుంచి

మహారాజశ్రీ బొమ్మల సైన్సు పుస్తకం గారి దివ్యసముఖమునకు, విజయవాడ పటమటలో కాపురముంటున్న ఒక విశ్రాంత తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా మా మనవరాలి తలగడ కింద, అట్టకు ఒక మూల సొట్టతో, క్షేమంగానే ఉన్నారు కనుక ఆ సంగతి వేరే అడగవలసిన పని లేదు.

తమరిని ఏలూరు రోడ్డులో 595 రూపాయలు పోసి ఇంటికి తెచ్చుకున్న నాటి నుంచి మా ఇంట్లో తమరి మాటకు తిరుగులేదు. మూడో తరగతి చదువుతున్న పిల్ల "పుస్తకంలో ఉంది తాతయ్యా" అన్నదంటే ఆ వాదన అక్కడితో ముగిసినట్టే. ముప్పై ఏడేళ్ల పాటు పిల్లలకు అచ్చులో ఉన్నదాన్ని గౌరవించమని చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి, ఇప్పుడు ఎదురు చెబితే ఏం బాగుంటుంది? అందువల్ల జూన్ 21, ఆదివారం నాడు మా డాబా మీద జరిగిన పరాభవంలో నా వాటా కొంత ఉందని మొదటే ఒప్పుకుంటున్నాను. మిగిలినదంతా తమరిదే.

తమరి 32వ పేజీలో, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పిల్లవాడి పక్కన, పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "మిట్టమధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరం వైపే చూపుతుంది. దిక్సూచి లేదా? దిగులు వద్దు! ఒక కర్ర చాలు." సరిగ్గా 12 గంటలకు చూడాలట. ఏడాదిలో పగలు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజున చేస్తే ఇంకా సరదాగా ఉంటుందట. సరదా అన్న మాట ఎవరు వాడారో గాని, వారు జూన్ నెలలో బెజవాడ డాబా ఎక్కినవారు కారు.

అయినా ఎక్కాం. తుడుపు కర్రను మీటరు పొడవుకు కోసి, ఇసుక నింపిన బకెట్టులో గుచ్చి, దారానికి తాళంచెవి వేలాడదీసి, అది నిటారుగా ఉందో లేదో నాలుగు వైపుల నుంచీ చూశాం. పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొన ఎక్కడ పడితే అక్కడ పిల్ల సుద్దముక్కతో గీత పెడుతూ వచ్చింది. నా నెత్తి మీద తడి తువ్వాలు వేసుకున్న పది నిమిషాలకే అప్పడంలా తయారయింది. చెప్పులు ఉన్నా గచ్చు వేడి అరికాళ్లకు తెలుస్తూనే ఉంది. 12 గంటలకు నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండాలన్న తమరి మాట మొదట అక్కడ తప్పింది, ఎందుకంటే మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి, అంటే ఇంచుమించు కాకినాడ మధ్యాహ్నాన్ని బట్టి నడుస్తాయి గనుక సూర్యుడు మా నడినెత్తి దగ్గరకు వచ్చేసరికి పన్నెండు దాటి తొమ్మిది నిమిషాలవుతుంది. అది చిన్న విషయం, పోనిద్దాం. అన్నిటికన్నా పొట్టి నీడను స్కేలుతో కొలిస్తే 12 సెంటీమీటర్లు వచ్చింది. అది యనమలకుదురు వైపు చూపించింది.

తమరికి మా ఊరు తెలియదు కనుక చెబుతున్నాను. మా డాబా మీద నిలబడితే ఒక పక్క గుణదల కొండ, దానికి సరిగ్గా ఎదుటి పక్క యనమలకుదురు, ఆ వెనుక కృష్ణ. నీడ పడినదే ఉత్తరం అన్న తమరి శాసనం ప్రకారం కృష్ణానది ఆ మధ్యాహ్నం మా ఊరికి ఉత్తరాన ప్రవహించింది. హైదరాబాదు తూర్పుకు జరిగి సముద్రం ఒడ్డున చేరింది. బందరు పడమటికి పోయింది. మా అమ్మాయి పైకి వచ్చి, ఫోన్‌లో దిక్కులు చూసి, "నాన్నా, నది దక్షిణానే ఉంది, కిందికి రండి, వడదెబ్బ తగులుతుంది" అన్నది. నేను రాలేదు. ఫోను మాట నమ్మాలా, అచ్చుపుస్తకం మాట నమ్మాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నాబోటివాడు ఎవరి పక్షాన నిలబడతాడో తమరు ఊహించగలరు. మెట్ల మీద నుంచి ఈ చర్చంతా విన్న మా ఆవిడకు మాత్రం అసలు ప్రమాదం వెంటనే అర్థమయింది: "ఏమండీ, మీరు చెప్పేదే నిజమైతే ఆగ్నేయంలో ఉన్న నా వంటిల్లు వాయవ్యానికి పోయినట్టు, ఈశాన్యంలో ఉన్న దేవుడి గది నైరుతికి వచ్చినట్టు. పదహారేళ్ల నుంచి ఈ ఇంట్లో ఏదీ కలిసి రాకపోవడానికి కారణం ఇదన్నమాట." ఆ మాటలకు సమాధానం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

చిక్కు విప్పింది పిల్లే. "తాతయ్యా, నీడ యనమలకుదురు వైపు పడిందంటే సూర్యుడు గుణదల వైపు ఉన్నట్టే కదా. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినప్పుడు ఎండ కృష్ణ వైపు నుంచి కదా కళ్లలో కొట్టింది? మరి సూర్యుడు మన ఇల్లు దాటి అటు పక్కకు ఎప్పుడు వెళ్లాడు?"

ఉత్తరాయణం అన్న మాటకు ఎన్ని తరగతులలో ఎన్నిసార్లు అర్థం చెప్పానో నాకే లెక్క లేదు. అంపశయ్య మీద భీష్ముడు దాని కోసం వేచి ఉన్నాడని చెప్పేటప్పుడు గొంతు గద్గదమయ్యేది కూడా. ఉత్తరంగా ప్రయాణించే సూర్యుడు ఒక రోజున మా నెత్తి మీదుగానే దాటిపోవాలన్న సంగతి నాకు ఏనాడూ తట్టలేదు. అది నా సిగ్గు. దాన్ని తమరి ఖాతాలో వేయను.

తమరి ఖాతాలో వేసేది ఇది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏటా కర్కటరేఖ దాకా, అంటే సుమారు 23.5 డిగ్రీల దాకా వచ్చి వెనుదిరుగుతాడు. కనుక మే మొదటి వారంలో ఒకసారి ఉత్తరానికి పోతూ, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి తిరిగి వస్తూ, మా ఊరిని నడినెత్తిన దాటుతాడు. ఆ రెండు రోజుల నడుమ మూడు నెలల పాటు మా మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికే పడుతుంది. మిగిలిన తొమ్మిది నెలలు తమరు చెప్పినట్టే ఉత్తరానికి పడుతుంది. డిసెంబరు మూడో వారం దాటాక మా తుడుపు కర్ర నీడ 84 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఆ మూడు నెలలలో నెల రోజులకు పైగా వేసవి సెలవులే. పిల్లలు పుస్తకం పట్టుకుని డాబా ఎక్కడానికి తీరిక ఉండే కాలంలోనే తమరు అబద్ధం ఆడుతున్నారు.

కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలలో ఆ వాక్యానికి వంక పెట్టలేం. ఎర్ర టోపీ పిల్లవాడు ఏ చలిదేశంలో ఉన్నాడో అక్కడ అది పన్నెండు నెలలూ సత్యం. కాని ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా, ఆదిలాబాదును కూడా కలుపుకుని, తెలుగు నేల మొత్తం ఆ రేఖకు దక్షిణానే ఉంది. తెలుగు పిల్లల కోసం తెలుగులో అచ్చయిన ఆ వాక్యం తెలుగువాళ్ల ఊళ్లలో ఒక్క ఊళ్లో కూడా ఏడాది పొడవునా నిజం కాదు! ఎప్పుడూ అన్న మూడక్షరాలు కొట్టేసి "మా దగ్గర" అని రాస్తే నీకు పోయేదేమిటి? ఎర్ర టోపీకి ఖర్చు పెట్టిన రంగులో అది ఎన్నో వంతు? నిన్ను తెలుగులోకి దించినవాళ్లలో ఒక్కరైనా మధ్యాహ్నం పూట బయటకు వచ్చి తమ కాళ్ల దగ్గర చూసుకోలేదా? ఎనిమిదేళ్ల పిల్ల తన కళ్లతో చూసినదాన్ని నమ్మాలా, నిన్ను నమ్మాలా అని గంటసేపు సుద్దముక్క పట్టుకుని బిక్కమొహం వేసిందే, ఆ గంటకు నువ్వేం సమాధానం చెబుతావు?

క్షమించాలి. తమరు అనబోయి నువ్వు అన్నాను. ఎండ ఇంకా దిగలేదు.

ఇంతకన్నా నన్ను బాధించినది 41వ పేజీ. అక్కడ తమరే ఎంతో ముచ్చటగా ఎరటోస్తనీసు కథ చెప్పారు. సుమారు 2,200 ఏళ్ల క్రితం ఈజిప్టులో, కర్కటరేఖకు దగ్గరగా ఉన్న సైనీ పట్టణంలో, పగలు అన్నిటికన్నా పెద్దదైన రోజున సూర్యుడు బావి అడుగుదాకా నిటారుగా ప్రకాశిస్తాడని విని, అదే వేళకు అలెగ్జాండ్రియాలో నీడ కోణం కొలిచి, అది వృత్తంలో యాభయ్యో వంతు, అంటే 7.2 డిగ్రీలని తేల్చి, దాన్ని బట్టి భూమి చుట్టుకొలత లెక్కగట్టిన మహానుభావుడు. కథ బాగుంది, బావి బొమ్మ ఇంకా బాగుంది. తొమ్మిది పేజీలు వెనక్కి తిరిగి, నడినెత్తిన సూర్యుడు ఉండే ఊళ్లు ఉన్నాయని నేనే చెబుతున్నానే, మరి నీడ ఎప్పుడూ ఉత్తరానికే అని ఎలా అన్నాను అని తమరు ఒక్కసారి చూసుకోలేదు.

ఆ రాత్రి పిల్ల కోణమానిని తెచ్చి మా కర్రనూ దాని 12 సెంటీమీటర్ల నీడనూ కాగితం మీద గీసింది. కోణం ఏడు డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. అలెగ్జాండ్రియా కర్కటరేఖకు ఎంత ఉత్తరాన ఉందో పటమట ఇంచుమించు అంత దక్షిణాన ఉందన్నమాట. ఆయనకు ఉత్తరంగా పడిన నీడే, దాదాపు అదే కొలతతో, అదే రోజున, మా గచ్చు మీద దక్షిణంగా పడింది. సైనీలో ఏడాదికి ఒకసారి జరిగే వింత మా వీధిలో రెండుసార్లు జరుగుతుంది. ఇంత సంపద మా నెత్తి మీద పెట్టుకుని, ఎర్ర టోపీ పిల్లవాడి నీడ చూసి మురిసిపొమ్మంటారా?

కర్ర పాతి దిక్కులు తెలుసుకోవడం మాకు మాత్రం కొత్తా? దాన్ని శంకువు అంటారు. దాని చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోటునూ సాయంత్రం తాకిన చోటునూ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. ఆ పద్ధతికి ఉత్తరాయణం, దక్షిణాయనం అన్న పట్టింపు లేదు. ఇల్లు కట్టేముందు ఆ శంకువు పాతడమే శంకుస్థాపన. శంకుస్థాపనలకు కొదవ లేని ప్రాంతం మాది, పాతిన తరువాత నీడ ఎటు పడిందో చూడడమే అలవాటు తప్పింది.

మిగిలిన విషయాలను తొందరగా ముగిస్తాను. నాలుక కొనకు తీపి, పక్కలకు పులుపు, వెనుక చేదు అని తమరు వేసిన రంగుల పటాన్ని శాస్త్రజ్ఞులు తప్పని తోసిపుచ్చి చాలా కాలమయింది. మా పిల్ల గుంటూరు గోంగూర పచ్చడిని నాలుక కొన మీద పెట్టుకుని ఒక్క క్షణంలో తోసిపుచ్చింది. బూడిద రంగు పిట్ట కింద "కోకిల" అని రాశారు. మా వేపచెట్టు మీద తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టే మగ కోయిల కాటుక నలుపు, కళ్లు నిప్పుల ఎరుపు. గబ్బిలం గుడ్డిది కాదు. "మీ పెరటి తోటలో ముళ్లపందికి గిన్నెలో నీళ్లు పెట్టండి" అన్న సలహాకు మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఇంకా నవ్వుతున్నాడు.

తమరు పరాయి దేశం నుంచి వచ్చారన్నది నా ఫిర్యాదు కాదు. నా పడుచుతనంలో మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు మన ఊరి విశాలాంధ్రలో చవకగా దొరికేవి. వాటి నిండా మంచే, ఎలుగుబంట్లే. కాని ఆ మంచు వాళ్ల ఇంటి ముందు కురిసిన మంచు అని చదివేవాడికి తెలుస్తూనే ఉండేది. నీ ఇంటి ముందు కూడా ఇదే కురుస్తోంది, సరిగ్గా చూడు అని అవి నన్ను దబాయించిన గుర్తు లేదు.

ఇంతా రాసి తమరిని పాత పేపర్లవాడికి వేద్దామని లేచాను. పిల్ల ఇవ్వలేదు. తమరి తూనీగ బొమ్మ చూసి ఆ పిల్ల కాలువగట్టున అరగంట కదలకుండా కూర్చున్న మాట నిజమే. తమరు చెప్పకపోతే కర్ర పాతేవాళ్లమూ కాము. తలగడ కింద నుంచి తీసి చూస్తే, 32వ పేజీలో "ఎప్పుడూ" అన్న మాటను పెన్సిలుతో కొట్టేసి, పక్కన "పటమటలో కాదు" అని గుండ్రంగా రాసి ఉంది. ఎర్ర టోపీ పిల్లవాడి నెత్తిన తడి తువ్వాలు కూడా వేసింది.

ఆగస్టు 6న, మబ్బు పట్టకపోతే, పన్నెండు దాటాక పదమూడో నిమిషానికి మళ్లీ డాబా ఎక్కుతున్నాం. బడికి సెలవు చీటీ నేనే రాస్తాను. తుడుపు కర్ర ఎటూ పనికిరాకుండా పోయింది కనుక, గట్టి అట్ట గల తమరినే గచ్చు మీద నిటారుగా నిలబెడదామని పిల్ల అంటోంది. తమరి నీడ ఎటు చూపుతుందో తమరే చూసుకోవచ్చు.

ఇట్లు,
తడి తువ్వాలుతో సహా సిద్ధంగా ఉన్న
తాతయ్య