సులూకి మొగుడుంటే మనకెందుకు టెన్షన్?

ముందే చెప్పేస్తున్నా, తరవాత తీరిగ్గా తిట్టుకోండి. 2016లో వచ్చిన 'స్టార్ ట్రెక్ బియాండ్' అనే అంతరిక్ష సినిమాలో సులూ అనే పాత్రకి ఒక మొగుడూ ఒక కూతురూ ఉన్నట్టు చూపించడంలో నాకేమీ తప్పు కనపడలేదు. ఒప్పుకోని వాళ్లలో ఒక్క మనిషి మాత్రం శ్రద్ధగా వినదగ్గ మనిషి, ఆయన పాత సీరియల్‌లో సులూ వేషం వేసిన జార్జ్ టకేయ్. మిగతా వాళ్లంతా ఆయన్ని అడ్డం పెట్టుకుని తమ మనసులో మాట దాచుకుంటున్నారు. నా పేచీ వాళ్లతోనే, వాళ్లలో సగం మంది మా నెల్లూరోళ్లే కావడం నా ఖర్మ.

నెల్లూరేంటి, స్టార్ ట్రెక్ ఏంటి అనకండి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దె మీదకెక్కి చూసే ఊరు మాది. టైమ్ మెషీన్‌ని తెలుగు తెర మీదకు తెచ్చిన సింగీతం శ్రీనివాసరావు గారు మా ఉదయగిరిలో పుట్టినవారే. ఎనభైల్లో దూరదర్శన్ స్టార్ ట్రెక్ వేసినప్పుడు, ఇంగ్లీషు సగమే అర్థమైనా, కెప్టెన్ కర్క్, స్పాక్, సులూ పేర్లు మాకు సినిమా హీరోల పేర్లలాగే నోటికొచ్చేశాయి. ఆ బ్యాచ్ ఇప్పటికీ సంక్రాంతికి నేను అమెరికా నుంచి ఊరెళ్తే కలుస్తుంది, మైపాడు బీచ్‌కి పోతాం, చేపలు తింటాం, పాత కొట్లాటలే మళ్లీ కొట్లాడుకుంటాం. అందులో ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే మా బావ, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన ఒకాయన, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వ్యాపారం చేసే ఒంగోలు మిత్రుడు (సరుకు పేరులోనే గెలాక్సీ ఉంది కాబట్టి మా అందరిలోకీ అసలైన స్టార్ ట్రెక్ మనిషి తనేనని వాడి ధీమా), ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు. సులూ గొడవ ఎనిమిది పదేళ్లుగా నడుస్తానే ఉంది.

సినిమా చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీలో మొదలైన సీరియల్‌లో ఓడ నడిపే అధికారి సులూ. ఆసియా ముఖం అంటే విలన్‌గానో వంటవాడిగానో తప్ప కనపడని రోజుల్లో, యాసా వెకిలితనమూ లేకుండా తన పని తాను చేసుకుపోయే ఒక ఆసియా మనిషిని పెట్టడమే అప్పట్లో పెద్ద సంగతి. ఆ పాత్ర వేసింది జపనీస్ అమెరికన్ అయిన టకేయ్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఐదేళ్ల పిల్లాడిగా, ఏ నేరమూ లేకుండా కుటుంబంతో సహా ముళ్లకంచెల శిబిరాల్లో బతికిన మనిషి ఆయన, ముందు ఆర్కాన్సాస్‌లో, తరవాత కాలిఫోర్నియాలో. తాను గే అని 2005లో బయటకి చెప్పారు, 2008లో పెళ్లి చేసుకున్నారు. 2009 నుంచి కొత్త నటులతో, వేరే కాలరేఖలో (అంటే చరిత్ర వేరే దారి పట్టిన లోకంలో) కథ మళ్లీ మొదలుపెట్టినప్పుడు సులూ వేషం జాన్ చోకి వచ్చింది. మూడో సినిమాకి సైమన్ పెగ్, డగ్ జంగ్ రాశారు, జస్టిన్ లిన్ తీశారు. టకేయ్ మీద గౌరవంతోనే సులూని గే చేశామని వాళ్లన్నారు. టకేయ్ ఏమో, ఇది నాకు నచ్చలేదు, దురదృష్టకరం అన్నారు.

ఇక చూడండి మా వాళ్ల సంబరం. "ఆయనే వద్దన్నాడు గదబ్బా, స్వయంగా గే అయినాయనే వద్దంటే ఇంక నువ్వెవరు మాట్లాడేదానికి?" అని బావ. ఒంగోలు వాడైతే ఇంకో మెట్టు ఎక్కి, "సులూకి కూతురుండాది గదా, 1994 సినిమాలో ఓడ నడిపింది గదా, ఆ పిల్ల ఎట్ట పుట్టినట్టు?" అన్నాడు. కూతురున్న మాట నిజమే, డెమోరా. ఆ సినిమాలో తల్లి మాత్రం ఎక్కడా కనపడదు, పైగా సులూకి సంసారం పెట్టుకునే తీరిక ఎప్పుడు దొరికిందా అని కర్కే ఆశ్చర్యపోతాడు. కొత్త సినిమాలోనూ కూతురుంది. అంటే ఆ కాస్తా కూడా మార్చలేదు మహానుభావులు.

అసలు పాత్రని మార్చకూడదు అనే వాదనే తీసుకుందాం, మా వాళ్లు ఎక్కువగా పట్టుకు వేలాడేది దాన్నే. 2009 సినిమాలో భవిష్యత్తు నుంచి ఒక ఓడ 2233లోకి ఊడిపడి కర్క్ తండ్రిని చంపేస్తుంది. స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహం మొత్తం నాశనమైపోతుంది, వాళ్లమ్మ చచ్చిపోతుంది. స్పాక్‌కీ ఓడలో తోటి అధికారి ఉహురాకీ ప్రేమ పెట్టారు. ఇవన్నీ చూసి మా బ్యాచ్ ఈలలేసింది, ఒక్కడు కూడా కానన్ (అందరూ ఒప్పుకున్న అసలు కథ) చెడిపోయిందని ఏడవలేదు. గ్రహాన్నే గుటుక్కున మింగేసిన వాళ్లకి సులూ మొగుడు మాత్రం చేపముల్లు లాగా గొంతులో దిగబడ్డాడు. లెక్చరర్ గారు కొంచెం తెలివిగా, కాలరేఖ చీలితే సంఘటనలు మారతాయి గానీ మనిషి పుట్టుక స్వభావం ఎలా మారుతుంది అన్నారు. ఆ ప్రశ్నని నేను తీసిపారేయను, అమెరికాలో అభిమానులూ అదే అడిగారు. ఆ చీలిక ముందుకీ వెనక్కీ రెండువైపులా పాకుతుంది, కాబట్టి ఇది పూర్తిగా వేరే విశ్వం అని పెగ్ సమాధానం చెప్పారు. నాకు అది కొంచెం సాగదీసినట్టే అనిపించింది. సమాధానం అవసరమే లేదనుకుంటాను నేను, వేరే నటుడు, వేరే రచయిత, వేరే సులూ, అంతే.

అదీగాక పాత్రల్ని ముట్టుకోకూడదని తెలుగువాళ్లం అనడం, అందులోనూ నెల్లూరు ఒంగోలు వాళ్లం అనడం కొంచెం విడ్డూరం. పెన్నా ఒడ్డున మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం నుంచి భారతం ఎత్తుకున్నాడు. పద్దెనిమిది అధ్యాయాల భగవద్గీతని కొద్ది పద్యాల్లోకి కుదించేశాడు, నాటకం పండే చోట మాత్రం ద్రౌపది చేత, భీముడి చేత తెలుగింటి మనుషుల్లా మాట్లాడించాడు. ఇంకోపక్క అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱన, నన్నయ వదిలేసిన అరణ్యపర్వం పూర్తిచేస్తూ, ఆ భాగాన్ని కూడా నన్నయ రాసినట్టే రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు, అతుకు కనపడకూడదని అంత జాగ్రత్తపడ్డాడు. మూలకర్త మనసుని కాపాడాలనుకునే టకేయ్‌ది ఎఱ్ఱన దారి. పెగ్‌ది తిక్కన దారి అనడానికి నాకే నోరు రావడం లేదు గానీ, ఆ వైపే. రెండు దారులూ మనకి అలవాటైనవే. తరవాతి కాలం చూసినా, 'మాయాబజార్' శశిరేఖ వ్యాసభారతంలో వెతికితే దొరకదు. 1977లో ఎన్టీఆర్ దుర్యోధనుణ్ని సుయోధనుడిగా నిలబెడితే నెల్లూరు థియేటర్లలో మా నాన్నల తరం చొక్కాలు చించుకుంది.

"అవి వేరు, పాత్రని పైకి లేపినాయి" అన్నాడు బావ. సరిగ్గా అక్కడే దొరికాడు. అంటే మార్చడం కాదు తప్పు, గే చెయ్యడం అంటే కిందకి దించడం అని లోపల ఉంది. మన సినిమాల్లో గే అనగానే నడుము ఊపుకుంటూ వచ్చే కామెడీ ట్రాకు, తేడాగాడు అంటూ హీరో ఫ్రెండు వేసే జోకు, ఇవే ఇన్నేళ్లూ చూసి చూసి సులూని కూడా ఆ లైన్లో నిలబెడుతున్నారేమో అని వాళ్ల భయం. ఆ భయం ఉందని నేరుగా చెప్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానన్ పేరు చెప్పి తిప్పడం దేనికి? బృహన్నల ఉన్నాడుగా అని మా వాళ్లలో ఒకడు నా తరఫున అడ్డం వచ్చాడు గానీ, ఆ సాయం నేను వద్దన్నా. అది ఆడామగా వేషం సంగతి, ఇది ఎవరిని ప్రేమిస్తారన్న సంగతి, రెండూ కలిపి కలగాపులగం చేస్తే ఇద్దరికీ అన్యాయమే.

టకేయ్ మాటకొస్తాను, ఎందుకంటే మా వాళ్లు ఆయన పేరు వాడుకున్నంతగా ఆయన మాట విన్నట్టు లేరు. గే పాత్ర వద్దని ఆయన ఏనాడూ అనలేదు, కొత్త గే పాత్రని పుట్టించండి, దానికి సొంత చరిత్ర ఇవ్వండి అన్నారు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ సులూని అలా ఊహించలేదు, తానూ ఆడవాళ్లని ఇష్టపడే మగవాడిగానే నటించాను అన్నారు. ఇప్పుడు గే అంటే ఇన్నాళ్లూ దాక్కున్నాడని అర్థం వస్తుందేమోనన్నది ఆయన బాధ. అరవైల్లో ఈ విషయం రాడెన్‌బెరీతో కదిపితే, కర్క్, ఉహురా ముద్దుకే ఇంత గొడవైంది, ఇంకా ముందుకెళ్తే సీరియలే ఉండదు అన్నారట. ఆ ముద్దు 1968 నవంబరులో వచ్చింది, తెల్లవాడు నల్లామె. అంత జరిగాక, నిజజీవితంలో దాక్కుని బతకడం అంటే ఏంటో దశాబ్దాల పాటు అనుభవించిన మనిషి, నా సులూ దాక్కోలేదు అని పట్టుబడితే, నాకు ఆయన మీద కోపం రాదు. కానీ ఆ బాధ ఆయనది. గేలంటేనే గిట్టని వాడు దాన్ని అరువు తెచ్చుకుని మాట్లాడటం ఏం మర్యాద?

పెగ్ జవాబు నాకు దీనికంటే కొంచెం బలంగా అనిపించింది. కొత్తవాణ్ని తెస్తే ప్రేక్షకులు వాణ్ని 'ఆ గే పాత్ర' అనే చూస్తారు, వాడిలో ఇంకేమీ చూడరు అన్నారు. ముందు సులూగా తెలిసినవాడు, నచ్చినవాడు, తరవాత గే అని తెలిస్తే ఆ సంగతి మనిషిలో ఒక భాగంగా మాత్రమే ఉంటుంది. ఇది మన ఇళ్లల్లో జరిగేదే. అయితే మరుసటి ఏడాదే, 2017లో, 'స్టార్ ట్రెక్ డిస్కవరీ' సీరియల్‌లో స్టామెట్స్, కల్బర్ అని ఇద్దరు కొత్త గే పాత్రలు వచ్చి, సైంటిస్టుగా ఒకడూ డాక్టరుగా ఒకడూ ఎంచక్కా నిలబడ్డారు, కాబట్టి టకేయ్ చెప్పింది అసాధ్యమేమీ కాదు. ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లుండే సీరియల్లో అది కుదిరింది, ఏడుగురు పాత కాపులున్న రెండు గంటల సినిమాలో కుదిరేది కాదని నా లెక్క.

నాకున్న అసలు ఫిర్యాదు వేరే. ఆ సీన్ మరీ పిరికిది. యార్క్‌టౌన్ అనే అంతరిక్ష నగరంలో సులూ దిగుతాడు, మొగుడు పాపని తీసుకుని వచ్చి ఉంటాడు, పాపని ఎత్తుకుంటాడు, భుజం మీద చేయి వేసుకుని ముగ్గురూ నడిచిపోతారు, అయిపోయింది. రెప్ప వేస్తే పోతుంది. ముద్దు తీసి కూడా ఎడిటింగులో కోసేశారని జాన్ చోనే చెప్పారు. మొగుడు కూడా ఆసియా వాడే కావాలని అడిగింది ఆయనే, ఆ వేషం రచయిత డగ్ జంగ్ వేశారు. యార్క్‌టౌన్ వీధుల్ని దుబాయ్‌లో తీశారు, అక్కడి చట్టం ఈ విషయంలో ఎలా ఉంటుందో గల్ఫ్ వెళ్లొచ్చిన మన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇంతా చేసి, ఇంత గొడవకి కారణమైనది అన్నేళ్ల స్టార్ ట్రెక్‌లో అరనిమిషం కూడా లేని ముచ్చట. 1987లో కొత్త సీరియల్ మొదలైనప్పుడే గే జంట ఉన్న ఒక కథ రాయించుకుని పక్కన పడేశారు, ఆ భయం ముప్పై ఏళ్లకి కూడా పూర్తిగా పోలేదన్నమాట.

అయినా ఆ అరనిమిషం నాకు నచ్చింది, అందులో ఎవరూ ఏమీ అనరు గనక. కర్క్ చూస్తాడు, ఊరుకుంటాడు. ఎయిర్‌పోర్టులో మనవాళ్లు దిగినప్పుడు మనం చూసే చూపు అది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పిక్నిక్కులకి 'రూమ్మేట్' అని చెప్పుకుని జంటగా వచ్చే కుర్రాళ్లని నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. పులిహోర గిన్నె ఇద్దరూ కలిసి మోసుకొస్తారు, మనమేమో అందులో ఒకణ్ని పట్టుకుని, ఏం నాయనా, ఒంగోలులో మంచి సంబంధముంది చూడమంటావా అని మొదలుపెడతాం. ఇండియాలో ఈ సినిమా ఆడినప్పటికి గే సంబంధాల్ని నేరమనే సెక్షన్ 377 ఇంకా బతికే ఉంది, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది 2018 సెప్టెంబరు 6న. పెళ్లి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు. ఇక్కడ 2015 నుంచి దేశమంతా చట్టబద్ధం. అంటే ఆ ఇద్దరూ ఇక్కడ పెళ్లి చేసుకుని నెల్లూరులో దిగితే మళ్లీ రూమ్మేట్లే.

పిల్లలు చూస్తారు, చెడిపోతారు అనే మాట కూడా వచ్చింది మైపాడులో. దానికి నేను నోరు తెరిచే లోపే బావ కూతురు, బీటెక్ చదువుతోంది, "నాన్నా, వాళ్లు పాపని ఎత్తుకున్నారు, అంతేగదా, నువ్వు నన్ను ఎత్తుకోలేదా" అంది. బావ ఏం మాట్లాడలేదు, చేప తిరగేస్తూ కూర్చున్నాడు. ఒప్పుకున్నాడని కాదు, మర్నాడు పొద్దున మళ్లీ టకేయ్ పేరెత్తాడు.

మన సంఘం కమిటీ వారికి ఒక మాట. దీపావళి ముందు వారం సైన్స్ ఫిక్షన్ సినిమా వేద్దాం, ఏది వేద్దామో చెప్పమన్నారు. 'బియాండ్' వేయండి, తరవాత అరగంట మైకు వదిలేయండి. ఆ నెలలో బావ ఇక్కడున్న తన కొడుకు దగ్గరికి వస్తున్నాడు, టికెట్ కూడా కొన్నాడు. వ్యతిరేక పక్షం నేను చూసుకోనక్కర్లేదు.