ఫోర్ట్ గోర్డన్ నామఫలకానికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నామఫలకం గారికి,

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అగస్టా నగరం పక్కనున్న సైనిక స్థావరం ద్వారం నుంచి 2023 అక్టోబరులో దిగిపోయి, మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుకు చోటిచ్చి, రెండేళ్లు తిరగకముందే అవే అక్షరాలతో మళ్లీ కొలువుదీరిన తమరికి అభినందనలు.

తమరు 1941లో ధరించిన పేరు జాన్ బ్రౌన్ గోర్డన్‌ది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాల సైన్యంలో, యుద్ధవిద్యలో ఏ శిక్షణా లేకుండానే చేరి జనరల్ అయినవాడు. 1862 సెప్టెంబరులో యాంటీటం పోరులో ఐదుసార్లు గాయపడ్డాడు. అయిదో తూటా ముఖానికి తగిలి టోపీలో మొహం పెట్టి పడిపోయినప్పుడు, ఆ టోపీకి అంతకుముందే పడిన తూటా రంధ్రం గుండా నెత్తురు కారిపోబట్టే ఊపిరాడక చావలేదని తానే రాసుకున్నాడు. ధైర్యం విషయంలో పేచీ లేదు. పేచీ అంతా ఆ ధైర్యం దేనికి ఊడిగం చేసిందన్నదే.

ఓడినవారికి ఓట్లు కొదువ కాలేదు. ఆయన సెనేటర్ అయ్యారు, గవర్నర్ అయ్యారు, మళ్లీ సెనేటర్ అయ్యారు. నల్లజాతివారే అత్యధికంగా ఉన్న ఖైదీలను ప్రభుత్వం నుంచి అద్దెకు తీసుకొని పని చేయించుకునే వ్యాపారంలోనూ పాలుపంచుకున్నారు. బానిసత్వం రద్దయిందని ఎవరో చెప్పినట్టు గుర్తు. నల్లజాతివారిపై దాడులు చేసిన రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌కు జార్జియాలో ఆయనే నాయకుడని చాలామంది నమ్మేవారు. 1871లో కాంగ్రెస్ విచారణ సంఘం అడిగితే, క్లాన్‌తో తనకు సంబంధం లేదనీ, తాను చేరింది కేవలం శాంతిరక్షణకు ఏర్పడిన ఒక రహస్య సంఘంలోననీ సెలవిచ్చారు. శాంతికి అంత రహస్యం ఎందుకో తమరికే తెలియాలి.

ఆ విడిపోయిన రాష్ట్రాల తరఫున పోరాడినవారి పేర్లు సైనిక స్థావరాలకు ఉండరాదని 2021లో చట్టం వచ్చింది. తమరు బెంగపడనక్కరలేకుండా 2025లో పాలకులు ఉపాయం కనిపెట్టారు. 1993లో సోమాలియా రాజధాని మొగడిషులో, కూలిన హెలికాప్టర్‌లోని సహచరుణ్ణి కాపాడబోయి ప్రాణమిచ్చిన మాస్టర్ సార్జెంట్ గారీ గోర్డన్‌ను పిలిచి, ఇకపై పేరు ఆయనదేనన్నారు. ఆ వీరుడికి సొంతంగా ఒక స్థావరమే ఇవ్వవచ్చు. ఇచ్చింది మాత్రం మరొకరి పాత చొక్కా.

ఇక మిగిలింది అట్లాంటాలో శాసనసభా భవనం ఆవరణలో 1907 నుంచి గుర్రమెక్కి ఉన్న జాన్ గోర్డన్ విగ్రహం. దాన్ని తీసేయమని 2020లో ఆయన వారసులే 44 మంది కోరినా, రాష్ట్ర చట్టం అడ్డుపడుతోంది. ఒకవేళ ఆ చట్టం ఎన్నడైనా మారితే, పాలకులు మరో గోర్డన్‌ను ఇప్పటినుంచే వెతికి పెట్టుకోవాలి. ఈసారి మాత్రం గుర్రపుస్వారీ వచ్చినవాడై ఉండాలి.

ఇట్లు,
తమ అక్షరాల అభిమాని