ఔటైన పిల్లతో మాట్లాడేదెవరు?

ఏటా సంక్రాంతికి ముందు మన సంఘం వాట్సాప్ గ్రూపులో చందాల లిస్టు మొదలవుతుంది. హన్మకొండ, పరకాల, నర్సంపేట, జమ్మికుంట... ఎవరి ఊరి కబడ్డీ టీముకు వాళ్లం జెర్సీలు, బూట్లు, కప్పులు, ఫస్ట్ ప్రైజు డబ్బులు పంపుకుంటాం. మంచి పనే. ఈసారి అందులో కొంత పిల్లల మానసిక శిక్షణకు పక్కన పెడదామని నా మాట.

మన పిల్లలకు సత్తా లేదనేవాళ్లు వరంగల్ జిల్లా కల్లెడ వైపు చూడాలి. ఆ ఊరి అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య క్రొయేషియా దాకా వెళ్లి డినామో జాగ్రెబ్‌కు ఫుట్‌బాల్ ఆడింది. అయినా మన ఊరి టీములు చేతిలో ఉన్న మ్యాచులను చివరి ఐదు నిమిషాల్లో పోగొట్టుకుంటూనే ఉన్నాయి. దమ్ము అయిపోయి ఓడేవి కొన్నే. ఎక్కువ ఓటములు టెన్షన్ వల్లే.

పోయినసారి ఊరెళ్లినప్పుడు పరకాల దగ్గర అమ్మాయిల మ్యాచ్ చూశాను. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాయి కాబట్టి మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకుంటే కూతకెళ్లిన పిల్ల ఔట్. ఉన్నది ముప్పై సెకన్లు. ఆమె గీత దాటిందో లేదో నాలుగు దిక్కుల నుంచీ అరుపులు. "బోనస్ కొట్టు" అని ఒకరు, "కార్నర్ మీదికి పో" అని ఇంకొకరు, మైకులో "ఊరి పరువు నీ చేతిలో ఉంది" అని మరొకరు. ఆ పిల్ల చూపు డిఫెండర్ల కాళ్ల మీద నిలవలేదు. మాటిమాటికీ గీత బయటున్న పెద్దల ముఖాల వైపు పోయింది. అంతసేపూ తనంతట తానే పడిన అడుగు అప్పుడు తడబడింది, పట్టేశారు. బయటికొచ్చి కూర్చున్నాక తిట్లు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఆ తిట్లే. కబడ్డీలో ఔట్ అయితే ఆట అయిపోయినట్టు కాదు. తోటివాళ్లు ఎదుటివాళ్లను ఔట్ చేస్తే బయట కూర్చున్నవాళ్లు వరుసలో మళ్లీ లోపలికొస్తారు. అంటే ఆ పిల్ల రెండు మూడు నిమిషాల్లో తిరిగి ఆడాల్సిందే. ఏ మనసుతో ఆడుతుంది? ఆ కొద్ది నిమిషాలు ఆమె పక్కన కూర్చుని "ఏం కాదు బిడ్డా, నిమ్మళంగా ఊపిరి తీసుకో, ఈసారి ఎడమ కార్నర్ ఒక్కటే చూడు" అని చెప్పేవాళ్లుంటే మ్యాచ్ వేరేగా ఉండేది. మళ్లీ లోపలికి వెళ్లినప్పుడు ఆమె చేతులు వణకడం నేను చూశాను.

ఒత్తిడిలో మనిషి అలవాటైన కదలికను పనిగట్టుకుని గమనించడం మొదలుపెడితే అది చెడుతుందని క్రీడా మనస్తత్వ నిపుణులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. బాగా ఆడటానికి కావాల్సిన ఉద్రేకం ఒక్కొక్కరికి ఒక్కో మోతాదులో ఉంటుందని యూరి హానిన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఒకరికి అరిస్తే ఊపొస్తుంది, ఇంకొకరు అదే అరుపుకు బిగుసుకుపోతారు. ఏడుగురి మీదా ఒకే గొంతుతో అరవడం కోచింగ్ ఎలా అవుతుంది?

ధైర్యం పుట్టుకతో రావాలనే మాట మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. నేను ఒప్పుకోను. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్లో ఇండియా, ఇరాన్ 28-28 మీద ఉండగా నిబంధనల గొడవతో ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. ఒళ్లు చల్లబడి, చుట్టూ వాదనలు జరుగుతుంటే కాచుకుని కూర్చున్న మనవాళ్లు తిరిగొచ్చి 33-29తో గెలిచారు. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో హాకీ క్వార్టర్ ఫైనల్ 17వ నిమిషంలోనే మన ఆటగాడు అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగతా ఆటంతా పదిమందితో నెట్టుకొచ్చి షూటౌట్‌లో బ్రిటన్‌ను 4-2తో ఓడించారు. ఆ జట్టుతో పనిచేసిన మెంటల్ కోచ్ ప్యాడీ ఆప్టన్, 2011లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టుతోనూ ఉన్నాడు. దేశం జట్టుకు అవసరమైంది గురుకులంలో చదివే పిల్లకు అక్కర్లేదా?

ప్రైజు డబ్బుతో ఉత్సాహం వస్తుంది, నిజమే. కానీ చలికాలం పొద్దున ఐదింటికి పిల్లను గ్రౌండుకు రప్పించేది వేరు. నిన్నటికన్నా ఈరోజు మెరుగయ్యానని ఆమెకు తెలియాలి, తను లేకపోతే టీముకు లోటని అనిపించాలి. పన్నెండు మందిలో ఏడుగురే ఆడతారు. మిగతా ఐదుగురిని నీళ్ల బాటిళ్లు మోయడానికే పిలిస్తే వచ్చే ఏడు వాళ్లు రారు.

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనో, ఏదైనా స్కూలు గ్రౌండులోనో, చుట్టుపక్కల పీఈటీ సార్లకు, మేడమ్‌లకు క్రీడా మనస్తత్వ నిపుణులతో రెండు రోజుల శిక్షణ పెట్టిద్దాం. మూడు పాయింట్లు వెనకబడినట్టు స్కోరు పెట్టుకుని, స్పీకర్లలో గోల పెట్టి, చివరి ఐదు నిమిషాల ఆటను వారానికి రెండుసార్లు ప్రాక్టీసు చేయించమని అడుగుదాం. మనం డబ్బిచ్చే టోర్నమెంట్లలో కూత నడుస్తున్నంతసేపు మైకు బంద్ ఉండాలని, బయటి నుంచి కోచ్ ఒక్కరే మాట్లాడాలని షరతు పెడదాం. ఈసారి కప్పుల సైజు కొంచెం తగ్గిస్తే ఈ ఖర్చు వెళ్లిపోతుంది. వచ్చే కమిటీ మీటింగులో నేను ఈ ప్రతిపాదన పెడుతున్నాను. తెలుగులో మాట్లాడగల క్రీడా మనస్తత్వ నిపుణులు మీకెవరైనా తెలిసి ఉంటే ఆలోగా కమిటీకి చెప్పండి.