రిపోర్ట్ పంపాం సరే, మాకు తిరిగి కబురేది?

అంటువ్యాధి ఎక్కడైనా పాకిన ప్రతిసారీ "మొదటి కేసు చూసిన ఫ్యామిలీ డాక్టర్ ఆరోగ్య శాఖకు ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న వస్తుంది. నేనూ ఫ్యామిలీ డాక్టర్నే. ఆ ప్రశ్న అడగాల్సిందే. దానికి జతగా అడగాల్సిన ఇంకో ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు మా డాక్టర్ల సంగతి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక చెబుదాంలే అని ఆగే అలవాటు మాలో చాలామందికి ఉంది. కొన్ని జబ్బుల్లో అలా ఆగడమే కొంప ముంచుతుంది. తట్టునే తీసుకోండి. ఒంటిమీద దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుకుంటుంది. అంటే తల్లి బిడ్డను మా దగ్గరికి తెచ్చేసరికే ఇంట్లో, బడిలో ఎంతమందికి సోకిందో తెలియదు. టీకా పడనివాళ్ళు ఆ బిడ్డ దగ్గర మెలిగి ఉంటే, 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంటుంది. టీకా వేయకూడని గర్భిణులకు, మరీ చిన్న పసికందులకు ఇమ్యునోగ్లోబులిన్ (జబ్బుతో పోరాడే సిద్ధం చేసిన యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాలంటే ఆరు రోజులే గడువు. మెనింగోకోకల్ మెనింజైటిస్ (మెదడు పొరలకు బ్యాక్టీరియా వల్ల వచ్చే వాపు) అయితే ఇంట్లోవాళ్ళకు యాంటీబయాటిక్ వీలైతే 24 గంటల్లోపే పడాలి. ల్యాబ్ కాగితం కోసం కూర్చుంటే ఈ గడువులన్నీ దాటిపోతాయి. అనుమానం రాగానే ఫోన్ చేయాలి. తర్వాత ఆ జబ్బు కాదని తేలితే పోయేదల్లా ఒక ఫోన్ కాల్.

పేషెంట్ గుట్టు బయటపెట్టినట్టవుతుందని కొందరు వెనకాడతారు. చట్టం చెప్పమన్న జబ్బు గురించి, చట్టం చెప్పిన అధికారికి, అవసరమైన వివరాల మటుకే చెప్పడం గుట్టు బయటపెట్టడం కాదు. ఎవరికి చెబుతున్నామో, ఎందుకు చెబుతున్నామో పేషెంట్‌తో ముందే చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

ఇక ఎవరూ ఎత్తని ప్రశ్న: మేం చెప్పాక ఏం జరుగుతోంది?

కోరింత దగ్గు అనుమానంతో నేను పంపిన రిపోర్టుకు జవాబే రాలేదు. నిర్ధారణ అయిందా, ఆ ఇంట్లో చంటిపిల్లను ఎవరైనా వెళ్ళి చూశారా, దగ్గర్లో ఇంకెవరికైనా ఉందా, ఏదీ తెలియలేదు. అదే దగ్గును అదే రోజుల్లో మరో డాక్టర్ కూడా చూశారని చివరికి నాకు చెప్పింది ఒక పేషెంట్ బంధువు. ఈ సమాచారం ఆమె దగ్గరికి చేరగలిగినప్పుడు నా దగ్గరికి ఎందుకు చేరదు? ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే తర్వాత దగ్గుతో వచ్చిన ప్రతి పసిబిడ్డనూ నేను వేరే కళ్ళతో చూసేదాన్ని.

ఆరోగ్య శాఖ నుంచి మాకు వచ్చే అప్‌డేట్లయినా పనికొచ్చేలా ఉంటాయా అంటే, పేజీలకు పేజీలు ఉంటాయి. పాత సర్క్యులర్‌కీ కొత్తదానికీ తేడా ఏమిటో మేమే వెతుక్కోవాలి. బయట జనం కూర్చుని ఉండగా అదెవరు చదువుతారు? ఏ జబ్బు, ఏ ప్రాంతం, పేషెంట్‌ని ఏం అడగాలి, ఏ శాంపిల్ తీయాలి, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది. ఇవి మొదటి ఐదారు లైన్లలో ఉంటే చాలు. మిగతాది కింద ఎంతైనా పెట్టుకోండి.

మామూలు డాక్టర్ గమనింపు ఎంత విలువైందో చరిత్రలోనే ఉంది. 1918 మొదట్లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, హాస్కెల్ కౌంటీ అనే పల్లెప్రాంతంలో లోరింగ్ మైనర్ అనే డాక్టర్ మామూలు ఫ్లూ కాని ఫ్లూను చూశారు. అప్పటికి ఇన్‌ఫ్లుయెంజా తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో లేదు. అయినా ఆయన ప్రభుత్వ ఆరోగ్య విభాగానికి తెలియజేశారు. వాళ్ళ పత్రికలో ఏప్రిల్‌లో చిన్న వార్తగా అచ్చయింది, అంతే. ఆ ఏడాది ప్రపంచమంతా పాకిన ఫ్లూ మహమ్మారి అక్కడే పుట్టిందా అన్నది నేటికీ తేలని వాదన. ఒక పల్లె డాక్టర్ అడగకుండానే హెచ్చరించారన్నది మాత్రం రికార్డులో ఉంది. ఇంగ్లండ్‌లో విలియం పికిల్స్ అనే పల్లె డాక్టరైతే 1929లో పచ్చకామెర్లు ఒక ఇంటినుంచి మరో ఇంటికి ఎలా వెళ్ళాయో కూపీ లాగి, సోకిన సుమారు నెలకు జబ్బు బయటపడుతుందని లెక్క కట్టారు. ఎవరు ఎవరింటికి వెళ్ళారో, ఏ వేడుకలో కలిశారో ఆయనకు తెలుసు. పెద్ద ఆసుపత్రులకు లేనిది, ఫ్యామిలీ డాక్టర్‌కు ఉన్నది అదే.

రిపోర్టింగ్ బాగా నడిచిన చోట ఎలా నడిచిందో కూడా మనకు తెలుసు. పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాళ్ళో చేతులో చచ్చుబడతాయి. అందుకే 15 ఏళ్ళలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి చచ్చుబడితే, కారణం ఏదైనా సరే, చెప్పాలన్నారు. కేసులు లేని వారం కూడా "సున్నా" అని రాసి పంపించారు. చెప్పిన వెంటనే మనిషి వచ్చేవాడు. చచ్చుబడిన 14 రోజుల్లోపు, కనీసం ఒక రోజు తేడాతో రెండు మలం శాంపిళ్ళు తీసేవారు. 60 రోజుల తర్వాత బిడ్డను మళ్ళీ చూసేవారు. తను పంపిన కబురుతో కదలిక వస్తుందని కళ్ళారా చూసిన డాక్టర్ మరోసారి చెప్పడానికి బద్ధకించడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పాల్సిన సంఘటనగా తేల్చుకున్నాక 24 గంటల్లో తెలియజేయాలని 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రభుత్వాలకు గడువు పెట్టాయి. మాకూ గడువులున్నాయి. మాకు జవాబివ్వాల్సిన ఆఫీసుకు మాత్రం గడువు ఎందుకు ఉండకూడదు? రిపోర్ట్ అందిందని అదే రోజు ఒక మెసేజ్, ల్యాబ్ ఫలితం రాగానే మాకూ ఒక కాపీ, రాత్రిపూట కూడా మనిషి ఎత్తే ఒక ఫోన్ నంబర్, ఇప్పటికే పేషెంట్ రికార్డులో ఉన్న వివరాలను మళ్ళీ టైప్ చేయించని ఫారం. మేం అడిగేది ఇంతే. రిపోర్ట్ చేయని డాక్టర్‌కు నోటీసు ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆ నోటీసు పంపేముందు, ఆ డాక్టర్ అంతకుముందు పంపిన రిపోర్టులకు మీ ఆఫీసు ఎన్నిటికి జవాబిచ్చిందో కూడా అదే కాగితం మీద రాయండి.