మడత పాఠం

మొన్న పొద్దున్నే మా వీధిలోకి ఓటరు చైతన్యం ఆటో ఎక్కి వచ్చింది. "స్వస్తిక్ ముద్ర ఒక్క గుర్తు మీదే వేయాలి. బ్యాలెట్‌ను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. ఓటు చెల్లకుండా పాడుచేసుకోకండి!"

సబబే. చెల్లని ఓటంటే తప్పు ఓటరుదే కదా. మా పక్కింటి పెద్దమ్మ చెయ్యి వణికి ముద్ర గీత మీద పడిందంటే ప్రజాస్వామ్యం గతేం కాను?

2020 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్ డివిజన్ ఓటర్లూ ఇలాగే తప్పు చేశారు. కరోనా పుణ్యమా అని జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలు బ్యాలెట్లతో జరిగాయి. స్వస్తిక్ బదులు సిబ్బంది ఇంకేదో ముద్ర చేతికిస్తే, నోరు మూసుకుని గుద్ది వచ్చేశారు. బాధ్యత గల ఓటరైతే ఏం చేయాలి? ముద్రను తిరగేసి, కళ్లజోడు సవరించుకుని, "అయ్యా, ఇది స్వస్తిక్ కాదండీ" అనాలి. సారు విసుక్కుంటే వరుసలోంచి బయటికొచ్చి, వెనకాయనకు "ఇక్కడ నేనున్నానని చెప్పండి" అని అప్పజెప్పి, ఆటో కట్టించుకుని హైకోర్టుకెళ్లి, అదే రోజు విచారించమని లంచ్ మోషన్ వేసి, ఉత్తర్వు పట్టుకుని సాయంత్రం ఆరులోపు మళ్లీ వరుసలో నిలబడాలి. నిలబడలేదు!

లెక్కింపు ముందు రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘానికి జ్ఞానోదయమై, వేరే ముద్ర ఉన్నా ఓటు లెక్కలోకే అంది. తెల్లారగానే హైకోర్టు ఆపింది. నేరేడ్‌మెట్‌లో టీఆర్‌ఎస్ ఆధిక్యం 504, వేరే ముద్ర ఉందని పక్కన పెట్టిన ఓట్లు 544. ఇంకేం, ఫలితం ఆగింది. కోర్టు సరేనన్నాక 9వ తేదీన టీఆర్‌ఎస్ 782 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది.

పోనీ, చదువుకున్నవాళ్లు వేస్తే? చండీగఢ్ మేయర్ ఎన్నిక, 2024 జనవరి 30. మొత్తం 36 ఓట్లు. కౌన్సిలర్లు, ఒక ఎంపీ. వాళ్లకు మడత పాఠం అక్కర్లేదు. ప్రిసైడింగ్ అధికారే పెన్ను తీసి ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు పెట్టి, అవి చెల్లవన్నాడు. మధ్యలో తలెత్తి కెమెరా వంక చూశాడు కూడా! 20 ఓట్లు పడ్డవాడు 12తో ఓడిపోయాడు. సుప్రీంకోర్టు ఆ ఎనిమిదీ తెప్పించుకుని చూసి, ఫిబ్రవరి 20న అతన్నే మేయర్ అంది.

సిగ్గులేదూ! తప్పుడు ముద్ర ఇచ్చేది మీరు, గీతలు పెట్టేది మీరు, నెల తిరగకుండా కోర్టు మెట్లెక్కేది ఓటు. పనులు మానుకుని ఎండలో నిలబడ్డవాళ్లకా మీరు పాఠాలు చెప్పేది?

ఆటో మా గేటు ముందు ఆగింది. కరపత్రం అందుకుంటూ పెద్దమ్మ ఒకే మాట అడిగింది.

"బాబూ, ఈసారైనా సరైన ముద్రే ఇస్తారా?"

"అది సారును అడగాలమ్మా," అన్నాడు కుర్రాడు.